కెమెరా సంగతి తర్వాత, కుంట దగ్గర కూర్చునే ఓపిక ఉందా?

నమీబియా, బోట్స్వానా వైపు సఫారీకి వెళ్లివచ్చినవారు తమకు బాగా నచ్చిన ఒక ఫోటో గురించి చెప్పాలని, అలాంటివి తీయడానికి ఏ కెమెరా కొనాలో కూడా సూచించాలని మీరు అడిగారు. కెమెరాకు నాలుగు మాటలు చాలు కనుక దాన్ని తర్వాత చూద్దాం. నాకు నచ్చిన ఫోటో నమీబియా ఉత్తర భాగంలోని ఎతోషా జాతీయ ఉద్యానవనంలో, ఒకౌకుయేజో క్యాంపు కుంట దగ్గర రాత్రిపూట తీసినది. ఒక ఆడ నల్ల ఖడ్గమృగం, దాని వెనుక పిల్ల నీళ్లు తాగడం ఆపి తలలెత్తి నిలబడి ఉంటాయి. నీటిలో అల లేదు కాబట్టి రెండూ తలకిందులుగా మళ్లీ కనిపిస్తాయి. వెనుక, వెలుతురు ఆగిపోయే చోట జిరాఫీల కాళ్లు మాత్రం ఉంటాయి. దాన్ని చూసినవారిలో ఎక్కువమంది నన్ను అడిగిన మాట "సింహం ఫోటో లేదా?" అని. ఆ మాట మీద నాకున్న కోపమే ఈ సమాధానం రాయడానికి సగం కారణం.

ఉద్యోగరీత్యా నేను జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్న కాలంలో అనంతపురం నుంచి మా అమ్మానాయనలు నా దగ్గరికి వచ్చారు. విండ్‌హుక్ దాకా విమానంలో వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకుని ఉత్తరానికి నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు ప్రయాణించాం. మన దేశంలో లాగే అక్కడ కూడా ఎడమవైపే బండి నడుపుతారు కనుక ఆ విషయంలో ఇబ్బంది లేదు. మా నాయన హెచ్చెల్సీ మీద, అంటే తుంగభద్ర ఎగువ కాలువ మీద, లస్కరుగా, అంటే తూములు చూసుకుంటూ నీళ్లు వంతులవారీగా వదిలే ఉద్యోగిగా, పనిచేసి రిటైరైనవాడు. ఏ ఊరు వెళ్లినా అక్కడికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో, ఎవరు వదులుతారో తెలుసుకునేదాకా ఆయనకు నిద్రపట్టదు. ఎతోషాకు ఇంతకన్నా తగిన యాత్రికుడు దొరకడని ఇప్పుడు అనిపిస్తోంది, ఎందుకంటే ఆ అడవి కథ మొత్తం నీళ్ల కథే.

1907లో జర్మన్ వలసపాలనలో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఈ అడవి ఇప్పటి విస్తీర్ణం 22,000 చదరపు కిలోమీటర్లకు పైనే. జిల్లాల పునర్విభజనకు ముందు మా అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు ఉండేది, దానికన్నా ఇది పెద్దది. అందులో సుమారు 4,800 చదరపు కిలోమీటర్ల మేర గడ్డిపోచ కూడా కనిపించని తెల్లటి ఉప్పు మైదానం పరుచుకుని ఉంటుంది. "అంతా చౌడేరా" అని మా నాయన ఒక్క మాటలో తేల్చేశాడు. అక్కడి వానాకాలం, అంటే మన చలికాలం మొదలయ్యే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, వానలు బాగా పడిన ఏడాది ఆ చౌడు మీద పలుచగా నీళ్లు నిలుస్తాయి. అవి కూడా ఉప్పునీళ్లే. జంతువులకు ప్రాణాధారం ఆ మైదానం అంచున ఉన్న ఊటలు, వాటికి తోడుగా మనుషులు వేసిన బోర్లు.

జూన్ నుంచి అక్టోబరు దాకా దాదాపు చినుకు పడదు. మొపానీ చెట్లు ఆకు రాలుస్తాయి, చిన్న మడుగులన్నీ ఎండిపోతాయి, తాగాలనుకున్న ప్రతి ప్రాణీ మిగిలిన కొద్దిపాటి కుంటలకు నడిచి రావలసిందే. అలాంటప్పుడు మనిషి చేయవలసిన పని ఒకే ఒక్కటి ఉంది, కుంట దగ్గర కదలకుండా కూర్చోవడం. వెళ్లినవారిలో ఎక్కువమంది చేసేది మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం. తెల్లవారి గేటు తీయగానే బయలుదేరి, సూర్యాస్తమయానికి గేటు మూసేదాకా తెల్లటి దుమ్ము రేపుకుంటూ, ఎదురొచ్చిన ప్రతి కారునూ ఆపి సింహం ఎక్కడ కనిపించిందని అడుగుతూ తిరుగుతారు. పొదకింద సింహం తోక కనిపిస్తే చాలు, పదిహేను కార్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడతాయి. ఆ సింహం పగలంతా పడుకునే ఉంటుంది కాబట్టి అందరూ నిద్రపోతున్న పిల్లి ఫోటో తీసుకుని తృప్తిగా వెళ్లిపోతారు.

ఈ పరుగుకు మూలం బిగ్ ఫైవ్ అనే జాబితా. కాలినడకన వేటాడడానికి బాగా ప్రమాదకరమైనవని ఒకప్పటి వేటగాళ్లు లెక్కవేసుకున్న అయిదు జంతువుల పట్టిక అది: సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, ఆఫ్రికా అడవిదున్న. తుపాకి పట్టుకున్నవాడి అవసరానికి పుట్టిన పట్టికను కెమెరా పట్టుకున్నవాడు ఎందుకు మోయాలో నాకు అర్థం కాదు. పైగా ఎతోషాలో అడవిదున్నలే లేవు. అయిదూ పూర్తి కాలేదని అక్కడ మొహం ముడుచుకున్నవారిని కళ్లారా చూశాను. వారు తిరిగిన దారిలోనే నల్లని ముఖపు ఇంపాలాలు, కత్తుల్లాంటి కొమ్ములున్న జెంస్‌బాక్‌లు, మన కుందేలుకన్నా కొంచెమే పెద్దదైన డిక్‌డిక్ తిరుగుతుంటాయి. వాటన్నిటికీ కలిపి "జింకలు" అని ఒక్క పేరు పెట్టి పక్కకు నెట్టేస్తారు. మా అమ్మ మాత్రం కరెంటు తీగ మీద వాలిన నీలిరెక్కల పక్షి ఒకటి కనిపించగానే కారు ఆపించి, దసరా కాకపోయినా రెండు చేతులూ జోడించింది. అది మన పాలపిట్టకు దగ్గరి చుట్టం, ఎదమీద లేత ఊదారంగు ఉంటుంది.

ఇక ఆ రాత్రి. ఒకౌకుయేజో క్యాంపు అంచున నడుమెత్తు రాతిగోడ, గోడకు ఇవతల బెంచీలు, అవతల కుంట ఉంటాయి. చీకటి పడ్డాక పసుపు వెలుతురు దీపాలు వెలుగుతాయి. మనుషులు గుసగుసగా మాట్లాడుకుంటారు, నక్కల కూత మధ్యమధ్య వినిపిస్తుంది. మేము కూర్చునేసరికే మూడు జిరాఫీలు వెలుతురు అంచున నిలబడి కుంటవైపు చూస్తున్నాయి. రెండడుగులు ముందుకు వేసి ఆగడం, మళ్లీ ఒకడుగు వెనక్కి వేయడం, ఇదే వాటి పని. జిరాఫీ నీళ్లు తాగాలంటే ముందుకాళ్లు బాగా ఎడంగా చాపి తల కిందికి దించాలి. ఆ భంగిమలో ఉన్నప్పుడు సింహం వస్తే పరుగెత్తడానికి వ్యవధి ఉండదు కనుక దానికి అంత అనుమానం.

తర్వాత రాళ్ల మీద అడుగుల చప్పుడు ముందు వినిపించి, ఆ తర్వాత ఆకారం కనిపించింది. తల్లి ఖడ్గమృగం ముందు, పిల్ల వెనుక. ఖడ్గమృగానికి చూపు మందం, వినికిడీ వాసనా చురుకు. చెవులు రెండూ వేర్వేరు దిక్కులకు తిప్పుకుంటూ, ముక్కుతో బుస్సుమని గాలి వదులుతూ నీళ్ల దగ్గరికి వచ్చింది. తల్లి పైపెదవి కొస వంగి ముక్కులా ఉండడం గోడ దగ్గరి నుంచే స్పష్టంగా కనిపించింది. నల్ల ఖడ్గమృగం గడ్డి మేయదు, పొదల కొమ్మలను ఆ పెదవితో పట్టి విరిచి తింటుంది. రెండు గుక్కలు తాగాయో లేదో, తెల్లటి బూడిద పూసుకున్నట్టున్న ఏనుగుల మంద చీకట్లోంచి వడివడిగా దిగింది. అక్కడి తెల్లమట్టి ఒంటిమీద చల్లుకోవడం వల్ల ఎతోషా ఏనుగులు అలా పాలిపోయి కనిపిస్తాయి. ముందు నడుస్తున్న పెద్ద ఏనుగు చెవులు విప్పి తల విదిలించింది. తల్లి ఖడ్గమృగం వెంటనే కదలలేదు. పిల్లను పక్కకు చేర్చుకుని, ఏనుగుకు ఎదురుగా తిరిగి, గట్టిగా ఒక్క బుస కొట్టి, ఆ తర్వాతే అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి తగ్గింది. పారిపోలేదు, దూరంగా నిలబడింది.

ఏనుగులు తాగుతూనే ఉన్నాయి. ఒక్కో పెద్ద ఏనుగుకు రోజుకు నూట యాభై లీటర్ల దాకా కావాలి, అలాంటివి ఒక మంద. ఖడ్గమృగాలు వేచి ఉన్నాయి, వాటి వెనుక జిరాఫీలు వేచి ఉన్నాయి. అంతదాకా పలకకుండా కూర్చున్న మా నాయన నా చెవిలో అడిగాడు: "ఈడ లస్కరు ఎవుర్రా? వంతులు ఎవురు పెట్టినారు?"

ఎవరూ లేరని చెప్పాను. ఆయన కొంచెంసేపు చూసి, "ఆ ఏనుగులు హెడ్డుకాడి రైతులురా. వాళ్లు ఇడిస్తేనే కిందోళ్లకు" అన్నాడు. హెచ్చెల్సీ మీద పనిచేసినన్నాళ్లూ ఆయన రాత్రిపూట తూములకు తాళాలు వేసి కాపలా కాసింది, పై రైతులు నీళ్లు మళ్లించుకోకుండా చివరి ఆయకట్టుకు ఎంతోకొంత చేర్చడానికే. అందుకే ఏనుగుల మంద వెళ్లిపోయి ఖడ్గమృగాలు తిరిగి వచ్చి తాగి తలలెత్తిన క్షణాన నేను ఫోటో తీసి సంబరపడుతుంటే, ఆయనకు అది పట్టనే లేదు, చూపంతా జిరాఫీల మీదే ఉంది. అమ్మ చలికి తట్టుకోలేక గదికి వెళ్లిపోయినా ఆయన కదలలేదు. అర్ధరాత్రి దాటాక ఒక జిరాఫీ కాళ్లు చాపి, సగం దాకా వంగి, ఉలిక్కిపడి లేచి, మళ్లీ వంగి చివరికి తాగింది. "టెయిలెండుకు అందినాయి, పా" అని అప్పుడు లేచాడు.

ఫోటోల పంపకం విషయానికి వస్తే, నేను వందల కొద్దీ పంపను. ఏరి ఏరి కొన్ని మాత్రమే మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "సింహం ఏదప్పా?" అని మొదటి జవాబు మా మామది. "ఖడ్గమృగం అంటివి, కొమ్ము యాడుంది?" అని రెండోది. ఈ రెండో ప్రశ్న మంచిది. ఆ తల్లి కొమ్ము నిజంగానే మొండిగా ఉంది, ఎందుకంటే వేటగాళ్లకు గిట్టుబాటు కాకుండా అక్కడి వన్యప్రాణి అధికారులు దాన్ని ముందే కోసేశారు. ఇలా కోసి కాపాడే పద్ధతిని ప్రపంచంలో మొదట, 1989లో, అమలు చేసిన దేశం నమీబియాయే. కొమ్ములో ఉండేది మన గోళ్లలో ఉండే కెరటినే. మత్తు ఇచ్చి, మూలం తగలకుండా కోస్తారు, తర్వాత మళ్లీ పెరుగుతుంది. కొమ్ములేని ఫోటో అందంగా లేదని అనేవారికి, కొమ్మున్న కారణంగానే ఎన్ని ఖడ్గమృగాలు చచ్చాయో చెప్పవలసి వస్తుంది.

అందుకే ఒక విన్నపం. ఒకౌకుయేజో కుంటకు ఖడ్గమృగాలు వస్తాయన్నది లోకమంతటికీ తెలిసిన విషయమే, అక్కడ కాపలా కూడా ఉంటుంది. పగలు దారి పక్కన, మారుమూల పొదల్లో కనిపించిన ఖడ్గమృగం ఫోటోను మాత్రం చోటు, సమయం రాసి అప్పటికప్పుడు పెట్టకండి. ఫోన్‌లో లొకేషన్ ముందే ఆపేయండి, ఫోటో ఫైలులో అది దానంతటదే నమోదవుతుంది. ఇంటికి వచ్చాక పెట్టినా మీకు వచ్చే లైకులు తగ్గవు.

ఇప్పుడు కెమెరా. పగటికి దూరపువాటిని దగ్గరగా చూపే 100–400 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ దండిగా సరిపోతుంది, అదీ అద్దెకు తీసుకోవచ్చు. మోయలేనంత పొడవు లెన్స్ పక్కవాళ్లకు చూపించుకోవడానికే ఎక్కువగా పనికొస్తుందని నా గట్టి నమ్మకం. కారులో లెన్స్ మార్చకండి, ఆ సన్నటి దుమ్ము లోపలికి పోతే వదలదు. విండ్‌హుక్‌లో కొన్న బియ్యాన్ని అమ్మ ఒక గుడ్డసంచిలో పోసి కుట్టి ఇచ్చింది. పగలు కారు కిటికీ మీద, రాత్రి రాతిగోడ మీద ఆ సంచి పెట్టి దానిపై కెమెరా ఆన్చితే చేతివణుకు ఉండదు. ఖడ్గమృగం తలెత్తి నిలబడినప్పుడు కదలదు కాబట్టి ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత చురుగ్గా పట్టుకోవాలో చెప్పే అంకె) 3200 దగ్గర పెట్టి, సెకనులో పదోవంతు షట్టరుతో తీసినా ఫోటో స్పష్టంగా వస్తుంది. ఫ్లాష్ మాత్రం వేయకండి. అది కుంట దాకా చేరదు, పక్కవాళ్ల కళ్లలోనే పడుతుంది. మా పక్క బెంచీలో ఒక పెద్దమనిషి ఎన్నిసార్లు చెప్పినా వేస్తూనే ఉన్నాడు.

ఆగస్టు, సెప్టెంబరు నెలలకు వెళ్లాలనుకుంటే గదులు చాలా ముందుగా బుక్ చేసుకోవాలి, కుంటవైపు ఉన్నవి అన్నిటికన్నా ముందు అయిపోతాయి. అవి దొరకకపోయినా దిగులు పడనక్కరలేదు. క్యాంపులో బస చేసినవారు ఎవరైనా రాత్రంతా ఆ బెంచీల మీద కూర్చోవచ్చు. మందపాటి రగ్గు ఒకటి తీసుకెళ్లండి.