తైబందీ సభ పెట్టే ముందు

అల్లుడా,

చెరువు కమిటీ నీ చేతికొచ్చిందట. తైబందీ అంటే చెరువులో ఉన్న నీళ్లకు యాసంగిలో ఎన్నెకరాలు, ఏ పంట వేయాలో ఊరంతా తేల్చుకోవడం. ఆ సభ నార్లు పోయకముందే, నవంబరు సగానికల్లా పెట్టు. నారుమడి పచ్చబడ్డాక ఎవరూ చెరువు లెక్క వినరు.

సభకన్నా ముందు కొలత. తూము దగ్గర నీటిమట్టం చూపే గేజీని నువ్వొక్కడివే చూసి రావద్దు. తూముకింది రైతు, చివరి ఆయకట్టు రైతు, శిఖం, అంటే చెరువు లోపలి మునక భూమి, దున్నుకునేవాడు, మత్స్య సంఘం మనిషి, గొర్లకాపరి అందరూ నిలబడి చదివి, అక్కడే పుస్తకంలో సంతకాలు పెట్టాలి. శిఖం రైతుకు చెరువు నిండకపోవడమే లాభం. అతణ్ని పిలవకపోతే మత్తడి (అలుగు) రాళ్లు వాటంతటవే ఊడతాయి!

ఏ అడుగుకు ఎంత నీరో చెప్పే పట్టిక ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజనీరును (ఏఈ) అడిగి తెచ్చుకో. చెరువు పళ్లెంలాంటిది. సగం లోతుంటే సగం నీళ్లున్నట్టు కాదు, పావు వంతే ఉండొచ్చు. కంటితో చూసి ఒప్పుకున్న లెక్కలు ఇక్కడే తప్పుతాయి, మార్చిలో పొట్టమీదున్న వరి ఎండుతుంది.

పట్టికలో 20 ఎంసీఎఫ్‌టీ (ఒక్కోటి పది లక్షల ఘనపుటడుగులు) తేలిందనుకో. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండకే రెండడుగులకు పైగా పోతుంది. చేపలకు, పశువులకు గేజీ మీద ఎర్రగీత గీయించు, ఆ కిందికి దిగితే తూము బంద్. ఈ రెండింటికీ 8 తీసేస్తే మిగిలేది 12. ఎంసీఎఫ్‌టీకి ఆరెకరాల చొప్పున వరి 72 ఎకరాలే. ఆయకట్టు 150 ఎకరాలైతే గొడవంతా మిగతా 78 దగ్గర.

దీనికి రెండు దారులు. సగం నీళ్లు వరికి, సగం ఆరుతడికి ఇస్తే వరి 36 ఎకరాలు, మక్క, పల్లి కలిపి 60 దాకా వస్తాయి. కానీ వరి మళ్ల ఊట మక్కను ముంచుతుంది కాబట్టి మధ్యలో మురుగు కాలువ ఉన్నచోటే హద్దు పెట్టండి. లేదంటే తూముకింది భూమినే ఆ ఒక్క పంటకు అందరికీ వాటాల ప్రకారం పంచాలి. శ్రీలంక చిన్న చెరువుల కింద దీన్నే బెత్మ అంటారు. నా మొగ్గు దీనివైపే, కాలువలో ఇంకిపోయే నీళ్లు మిగులుతాయి. తూముకింది రైతులు మాత్రం తేలిగ్గా ఒప్పుకోరు.

సభ కట్టమీదే పెట్టు, ఎవరింటి అరుగు మీదా వద్దు. చివరి ఆయకట్టువాళ్లతో, ఆడవాళ్లతో ముందు మాట్లాడించు, తూముకిందివాళ్లు ఆఖరున. చేతులెత్తించకు. భూమిలేని బెస్తలు, గొల్లలు లెక్కలో ఎప్పుడూ ఓడిపోతారు.

తీర్మానంలో సర్వే నంబరు, ఎకరాలు, పంట, తూము తెరిచే రోజులు రాయాలి. తూము తాళం నీళ్లు వదిలే నీరడి దగ్గరే ఉండాలి. అతనికి కూలిగా ఇచ్చే గింజలు ఎకరానికింతని అందరూ ఇవ్వాలి, చివరి ఆయకట్టువాళ్లు కూడా. పైవాళ్లే కొలిస్తే నీరడి పైవాళ్ల మనిషే అవుతాడు.

శివరాత్రికి మళ్లీ గేజీ చదవండి. నీళ్లు తగ్గితే ముందు ఏ మడికి ఆపాలో నవంబరు సభలోనే సర్వే నంబర్లతో రాసిపెట్టు.

మీ మామ