మైకు ఆన్ చేయాలంటే భయమా? రోల్‌ప్లే నేను మొదలుపెట్టిన తీరు

జీటీఏ అనే వీడియో గేమ్‌లో ఒక పాత్రగా మారి, ఆ పాత్రలాగే మాట్లాడుతూ నలుగురితో కలిసి ఆడే రోల్‌ప్లే వీడియోలు చూసి ఆడాలనిపిస్తోందనీ, అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ మైకులో మాట్లాడాలంటే టెన్షన్‌గా ఉందనీ, క్యారెక్టర్ ఎలా తయారు చేసుకోవాలో తెలియడం లేదనీ అడిగారు. నాలుగేళ్ళుగా ఆడుతున్నాను, నాకు పనికొచ్చినవి చెప్తాను.

సామాను గురించి పెద్దగా ఆలోచించకండి. పీసీలో ఒరిజినల్ జీటీఏ ఫైవ్ ఉండాలి, దానిమీద ఫైవ్‌ఎమ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని సర్వర్లలో, అంటే చాలామంది కలిసి ఆడే ఆన్‌లైన్ లోకాల్లో, చేరాలి. దాన్ని తయారు చేసిన బృందాన్ని 2023లో రాక్‌స్టార్ కంపెనీయే తనలో కలుపుకుంది కాబట్టి దొంగ సరుకేమో అన్న అనుమానం అక్కర్లేదు. హెడ్‌సెట్ మామూలుది చాలు. నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్నదే ఇప్పటికీ వాడుతున్నాను.

అసలు సంగతి క్యారెక్టర్. నేను మొదట ఒక డాన్‌ని తయారు చేశాను. చిన్నప్పుడే తండ్రిని చంపేశారు, పగ తీర్చుకున్నాడు, ఊరంతా వణుకుతుంది అంటూ మూడు పేజీల కథ రాశాను. సర్వర్‌లోకి దిగాక ఆ కథ ఎవరూ అడగలేదు. నిన్న వచ్చినవాడు డాన్‌నని చెప్పుకుంటే ఎవరు వణుకుతారు? రెండు వారాలకు మానేశాను.

రెండోసారి యాదగిరి అనే మెకానిక్‌ని చేసుకున్నాను. మా గల్లీలో బైకులు బాగుచేసే ఒకాయన ఏ బండి వచ్చినా ముందు "ఎవడు చేసిండు దీన్ని?" అనేవాడు. ఆ మాట ఒక్కటి తీసుకున్నాను. సొంత షెడ్డు పెట్టుకోవాలన్నది యాదగిరి కోరిక, పోలీసులంటే భయం. ఒక పని, ఒక కోరిక, ఒక భయం. ఇంతకంటే ముందుగా రాసుకోకండి, మిగతాది ఆటలో దానంతటదే పోగవుతుంది. పని ఉంటే జనమే మీ దగ్గరికి వస్తారు. ఒక రాత్రి దొంగబండి నంబర్ ప్లేటు మార్చమని ఒకడు, టైరు మార్చమని ఒక పోలీసు ఒకేసారి షెడ్డు ముందు ఆగారు. నేను ఏమీ కల్పించలేదు, యాదగిరికి పోలీసులంటే భయం కాబట్టి చేతిలో స్పానర్ జారిపోయింది, అంతే. ఆ తర్వాత గంటసేపు కథ దానంతటదే నడిచింది.

మైకు భయం గురించి. కూకట్‌పల్లిలో మాది రెండు గదుల ఇల్లు. రాత్రి పదకొండు దాటాక గొంతు పెంచితే పక్క గదిలో అమ్మ లేస్తుంది. అందుకే యాదగిరిని మెల్లగా మాట్లాడే మనిషిని చేశాను. ఇప్పుడు అందరూ వాణ్ణి గుర్తుపట్టేది ఆ గొంతుతోనే. మీ హాస్టల్లోనూ రాత్రి గట్టిగా మాట్లాడలేరు కదా, ఆ ఇబ్బందినే క్యారెక్టర్‌కి ఇచ్చేయండి. మన సర్వర్లలో హిందీ ఎక్కువ వినిపిస్తుంది. మనకొచ్చిన హైదరాబాదీ హిందీనే మాట్లాడండి, యాస దాచుకోవద్దు.

మాట అసలే రాకపోతే టైపింగ్‌తో మొదలుపెట్టండి. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో మడ్ అనే గేమ్ పుట్టినప్పుడు అందులో బొమ్మే లేదు, అంతా అక్షరాలే. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో రోల్‌ప్లే కోసమే వేరే సర్వర్లున్నాయి, అక్కడ ఎక్కువగా టైప్ చేసే ఆడతారు.

ఇంకో మాట. సురభి నాటకం ఎప్పుడైనా చూశారా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక కుటుంబాలు ఇప్పుడు మన లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో ఉంటాయి. నేను చూసిన ఒక ప్రదర్శనలో భటుడి వేషం వేసినాయనకి ఒక్క డైలాగూ లేదు. కానీ రాజు మాట్లాడినంతసేపూ ఆయన చెవి అటే ఉంది, ఒకచోట ఉలిక్కిపడ్డాడు కూడా. నేను రాజును వదిలేసి ఆయన్నే చూశాను. గేమ్‌లోనూ వినేవాడితో ఆడటానికే అందరూ ఇష్టపడతారు.

రూల్స్ చదివే వెళ్ళండి. నేను ఒకసారి ఫ్రెండ్ లైవ్ స్ట్రీమ్ చూస్తూ వాళ్ళు కారు ఎక్కడ దాచారో తెలుసుకుని, యాదగిరిని నేరుగా అక్కడికి పంపించాను. బయట మనకు తెలిసింది క్యారెక్టర్‌కి తెలిసినట్టు ఆడటం మెటాగేమింగ్. మూడు రోజులు సస్పెండ్ చేశారు, అది న్యాయమే. అవతలివాళ్ళు కష్టపడి అల్లుకున్న కథను పాడు చేశాను. అలాగే స్లాష్ మీ కమాండ్‌తో, అంటే క్యారెక్టర్ చేసే పనిని టైప్ చేసి చూపించే పద్ధతిలో, రాసేటప్పుడు "చేతులు కట్టేశాడు" అని తీర్పు ఇవ్వకండి, "కట్టబోతున్నాడు" అని రాయండి. విడిపించుకోవాలో వద్దో అవతలి మనిషి చెప్తారు. ఆ అవకాశం లాగేసుకోవడం పవర్‌గేమింగ్.

ఆటలో ఎవరైనా తిట్టారనుకోండి, తిట్టింది మీ క్యారెక్టర్‌ని. అయినా నిజంగా బాధేస్తే సీన్ అయ్యాక మామూలుగా పలకరించి చెప్పండి. నేను అలా చెప్పిన ఒకాయన ఇప్పుడు నాకు మంచి దోస్తు.

మొదటి రాత్రికి ఇంత చాలు: ఏదైనా గ్యారేజీకి వెళ్ళి, బండి బాగుచేయడానికి ఎంతవుతుందో అడిగి, కాస్త బేరమాడి, డబ్బిచ్చి వచ్చేయండి. మర్నాడు అదే గ్యారేజీకి మళ్ళీ వెళ్ళండి.