పెన్సిల్ అడిగితే మెదడు మార్చారు

ప్రశ్న: ఆక్టేవియా బట్లర్ రాసిన 'డాన్' ఈమధ్యే చదివాను. అణుయుద్ధంలో నాశనమైపోతున్న మనుషుల్ని ఓఅంకాలి అనే గ్రహాంతరవాసులు కాపాడతారు. రోగాలు నయం చేస్తారు, ఆయుష్షు పెంచుతారు. బదులుగా తమతో కలిసి పిల్లల్ని కనమంటారు. ఒప్పుకోనివాళ్లకు ఇక పిల్లలే పుట్టరు. "ప్రాణం పోసినవాళ్లకు ఆ మాత్రం హక్కుండదా?" అంటాడు మా అన్నయ్య. నాకు ఒళ్లు మండుతోంది గానీ జవాబు దొరకడం లేదు.
(ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: మీ అన్నయ్యది తీసిపారేసే వాదన కాదమ్మా. ఓఅంకాలి మన గురించి చెప్పేది రెండు ముక్కలు. మనుషులకు తెలివి ఉంది, ఒకరి మీద ఒకరు పెత్తనం చేయాలనే గుణమూ ఉంది. రెండోది మొదటిదానికంటే చాలా పాతది కాబట్టి తెలివి దానికి ఊడిగం చేస్తుంది, చివరికి జాతి తనను తానే చంపుకుంటుంది. భూమిని అప్పుడే తగలబెట్టుకున్నవాళ్ల ముందు ఈ మాట అంటే ఎవరు కాదంటారు? అక్కడ వాదనకు దిగితే మీరే ఓడిపోతారు.

మీ అన్నయ్య చేత పెన్సిల్ ఘట్టం మళ్లీ చదివించండి. కథానాయిక లిలిత్ ఓఅంకాలి ఓడలో ఉంటూ వాళ్ల భాష నేర్చుకోవాలి. మాటలు గుర్తుండవు. రాసుకోవడానికి ఏదైనా ఇవ్వమని అడుగుతుంది. కుదరదంటారు. దానికి బదులు నీ మెదడులో రసాయనాలు కాస్త మారుస్తాం, ఇక ఏదీ మర్చిపోవు అంటారు. ఆమె భయపడుతుంది, మొండికేస్తుంది, వేరే దారి లేక చివరికి సరేనంటుంది. తర్వాత జ్ఞాపకశక్తి నిజంగానే అద్భుతంగా పనిచేస్తుంది. వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు.

కానీ ఆమె అడిగింది రాసుకునే సామాను!

నా పుస్తకంలో ఆ పేజీ మూల ఎప్పుడూ మడిచే ఉంటుంది. ఎవరైనా మన మేలు కోరి ఒంటి మీద చెయ్యి వేస్తున్నామంటే, ఆ మేలు ఎంత పెద్దదని నేను అడగను. ఇంతకంటే చిన్న సాయం చేతిలో ఉండగా ఎందుకు ఇవ్వలేదని అడుగుతాను. కాగితం మీద రాసుకున్నది లిలిత్ సొంతం. దాన్ని దాచుకోవచ్చు, చించెయ్యొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. మార్చిన మెదడు అలా కాదు, అది మార్చినవాళ్ల చేతి పని. పెన్సిల్ ఇవ్వనివాళ్లకు ఆమె ఇబ్బంది తీర్చడం ముఖ్యం కాదనీ, ఆమె తమ చేతిలో ఉండటమే ముఖ్యమనీ నాకనిపిస్తుంది.

ఆమెకు చెప్పకుండా క్యాన్సర్ కోసి తీసేశారు కదా, అదీ తప్పేనా అని మీ అన్నయ్య అడగొచ్చు. దాన్ని నేను పెద్ద తప్పుగా లెక్కించను. స్పృహలో లేని మనిషికి ఏ డాక్టరైనా అదే చేస్తాడు. నాకు గుచ్చుకునేది ఆ తర్వాత జరిగింది. క్యాన్సర్ వాళ్లకు నిధిలాంటిది, పోయిన అవయవాలను మళ్లీ మొలిపించే విద్య అందులో దొరుకుతుంది. ఆ నిధిని ఆమె నుంచి అడక్కుండానే తీసుకున్నారు. (కల్పనే అనుకోకండి. 1951లో అమెరికాలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ క్యాన్సర్ కణాలను ఆమెను అడక్కుండానే తీసుకున్నారు. హీలా పేరుతో అవి ఇప్పటికీ ప్రపంచమంతటా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి.)

ఇక నవల ముగింపు. లిలిత్ సహచరుడు జోసెఫ్ చనిపోయాక, దాచి ఉంచిన అతని బీజంతో నికాంజ్ అనే ఓఅంకాలి జీవి ఆమెను గర్భవతిని చేస్తుంది. అడగదు. నోటితో ఎప్పటికీ అనలేవు గానీ నీకు కావాలి అన్న ధోరణిలో మాట్లాడుతుంది. ఈ మాట మనుషుల నోట ఎన్నిసార్లు వినలేదు! బట్లర్ గడుసుతనం ఎక్కడంటే, నికాంజ్ జాతికి ఒంట్లోని రసాయనాలు చదవడం నిజంగానే వచ్చు. అంటే అది అబద్ధం ఆడకపోయి ఉండొచ్చు కూడా. అయినా నేను ఒప్పుకోను. కావాలని అనిపించడం ఒళ్లు చేసే పని, సరేనని అనడం మనిషి చేసే పని. మొదటిది చదివేసి రెండోది అక్కర్లేదనడం పెత్తనమే. పెత్తనం మనిషి జబ్బని చెప్పినవాళ్లే ఆ పని చేస్తున్నారు!

ప్రశ్న: పశువుల్ని, పంటల్ని, పురుగుల్ని మనకు కావలసినట్టు మార్చుకున్నాం. అదే పని మనకు ఎవరో చేస్తే ఏ మొహం పెట్టుకుని అన్యాయమని అరుస్తాం?
(ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: బాగా అడిగారు మాస్టారూ. ఓఅంకాలి చేసినదానికి అచ్చంగా సరిపోయే ఉదాహరణ నేనే ఇస్తాను. స్క్రూవర్మ్ అనే ఈగ పశువుల గాయాల్లో గుడ్లు పెడుతుంది. ఆ పురుగులు బతికున్న మాంసాన్నే తింటాయి. దాని ఆడ ఈగ సాధారణంగా ఒక్కసారే జతకడుతుంది. శాస్త్రవేత్తలు మగ ఈగలకు రేడియేషన్ పెట్టి, పిల్లలు పుట్టకుండా చేసి లక్షల్లో వదిలారు. 1954లో కురసావ్ దీవిలో ఆ ఈగ లేకుండా పోయింది. నేను ఈగ తరఫున కన్నీళ్లేమీ పెట్టుకోను.

ఈ చురక పాతదే. 1898లో వచ్చిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' మొదటి అధ్యాయంలోనే రచయిత హెచ్.జి. వెల్స్ అంటించాడు. భూమి మీద దాడిచేసిన అంగారకుల్ని తిట్టేముందు, టాస్మేనియా దీవి ఆదివాసుల మీద యూరప్ నుంచి వచ్చినవాళ్లు చేసిన మారణకాండను గుర్తు తెచ్చుకోమన్నాడు.

కానీ మన తప్పు వాళ్ల తప్పును కడిగెయ్యదు. పైగా ఈగను అడిగే వీలు మనకు లేదు. ఓఅంకాలికి ఉంది. వాళ్లు మన భాషలన్నీ నేర్చుకున్నారు, మనం 'వద్దు' అంటే ఏమిటో వాళ్లకు పూర్తిగా తెలుసు. తెలిసీ చేశారు కాబట్టి వాళ్ల తప్పే బరువైనది.

ఈ సంగతి వాళ్లకు చెప్పగలిగింది సగం వాళ్లవాడే. రెండో నవల 'అడల్ట్‌హుడ్ రైట్స్' (1988)లో లిలిత్ కొడుకు అకిన్‌ను లొంగని మనుషులు పసితనంలోనే ఎత్తుకుపోతారు. వాళ్ల మధ్య పెరిగి, అంగారకుడి మీద వాళ్లకు చోటు ఇవ్వాలనీ, పిల్లల్ని కనే శక్తి తిరిగివ్వాలనీ పట్టుబడతాడు. అలా ఇవ్వడమంటే పుట్టబోయే పిల్లల్ని చావుకు అప్పగించడమేనని ఓఅంకాలి బాధ. ఆ బాధ నిజమైనదే. నా ఓటు మాత్రం అకిన్‌కే.

ప్రశ్న: జన్యువుల్ని కత్తిరించే విద్య మనకే వచ్చేసింది. రేపు పిల్లల విషయంలో తల్లిదండ్రులే ఓఅంకాలి అవుతారా?

జవాబు: రేపటిదాకా ఆగనక్కర్లేదు. 2018లో చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయి పిండ దశలోనే జన్యువులు మార్చిన కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించాడు. తండ్రికి హెచ్ఐవీ ఉంది, పిల్లలకు రాకుండా రక్షణ ఇచ్చామన్నాడు. తండ్రి నుంచి పిల్లలకు అది రాకుండా వీర్యాన్ని శుద్ధిచేసే పద్ధతి అంతకుముందే ఉంది. అంటే పెన్సిల్ బల్ల మీదే ఉంది! ఆ మార్పు ఆ పిల్లల పిల్లలకూ వెళ్లొచ్చు. మరుసటి ఏడాది అక్కడి కోర్టు అతనికి మూడేళ్ల జైలు వేసింది. ప్రాణం తీసే జబ్బు ఉండి, ఇంకే దారీ లేనప్పుడు సంగతి వేరు. అప్పుడు నేను ఇంత గట్టిగా మాట్లాడను.

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్ అంటే భయం. ఈ విషయం మీద ఒక్క చిన్న కథ చెప్పండి, చదివి చూస్తాను.

జవాబు: అదే బట్లర్ 1984లో రాసిన 'బ్లడ్‌చైల్డ్'. భూమి వదిలి పారిపోయిన మనుషులు త్లిక్ అనే జీవుల దగ్గర తలదాచుకుంటారు. త్లిక్‌లు గుడ్లు పెట్టేది మనుషుల ఒంట్లో, ఎక్కువగా మగవాళ్ల ఒంట్లో. గాన్ అనే కుర్రాడు తన సోదరిని తప్పించడానికి ఒప్పుకుంటాడు, కానీ ఇంట్లో దాచిన తుపాకీ ఇంట్లోనే ఉండాలని షరతు పెడతాడు. మేం మీ పశువులం కాకపోతే ఆ మాత్రం ప్రమాదం మీరూ భరించాలంటాడు. త్లిక్ తుపాకీని వదిలేస్తుంది. లిలిత్‌కు పెన్సిల్ కూడా దక్కలేదు, ఇతనికి తుపాకీ దక్కింది. ఒప్పందం ఇద్దరికీ సమానం కాదు. అయినా గాన్‌కు బేరమాడే చోటు మిగిలింది, అందుకే ఈ కథను నేను నవల కంటే తక్కువ కోపంతో చదవగలను.

ఇది బానిసత్వం గురించి కాదు, ప్రేమకథ అనీ, మగవాడు గర్భం మోసే కథ అనీ రచయిత్రి చెప్పుకుంది. చర్మం కింద పురుగు పెరిగే బాట్‌ఫ్లై అంటే ఆమెకు హడల్, ఆ భయం వదిలించుకోవడానికి కూడా రాశానంది. కాబట్టి భోజనానికి ముందు చదవకండి.