ప్లాన్‌లో మా తోపుకు పసుపు రంగు పడింది

ప్రశ్న: మాది బెంగళూరు దగ్గర దేవనహళ్లి తాలూకాలో ఒక ఊరు. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. కొత్త మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్‌లో మా చెరువు కింది పొలాలకు, పక్కనున్న గుండుతోపుకు, అంటే ఊరుమ్మడి చెట్ల తోపుకు, పసుపు రంగు వేశారు. అంటే ఇళ్ల స్థలాలట. పదిమందిమి కలిసి అభ్యంతరం ఇవ్వాలనుకున్నాం. 'ఊరి అందం పాడవుతుంది' అని రాసుకెళ్తే, అందం లెక్కలోకి రాదన్నారు. మరి ఏం రాయాలి మేడమ్?

జవాబు: అందం అన్న మాట తీసెయ్యండి. దాని మీద వాదన ఎప్పటికీ తెగదు. మీకు ముద్దొచ్చే చోటు లేఅవుట్ వేసేవారికి బీడులా కనిపిస్తుంది. దానికి బదులు మీ ఊరి నేల పక్క ఊరి నేల కంటే ఎందులో వేరో రాయండి. ప్లానింగ్‌లో దీన్ని ల్యాండ్‌స్కేప్ క్యారెక్టర్ అసెస్‌మెంట్ అంటారు. ఇంగ్లండ్‌లో ఇలాగే దేశమంతటినీ 159 ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో చోట రాయి, నీరు, చెట్టు, పొలం గట్టు, ఇల్లు కట్టే తీరు ఎలా ముడిపడి ఉన్నాయో రాసిపెట్టుకున్నారు. ముందు ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఏది ఉంచాలి, ఏది మారవచ్చు అన్నది ఆ తర్వాతే. ఈ రెండూ కలిపేస్తే మీ కాగితం కూడా ఒట్టి గోడులా ఉంటుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో హొసకోట వైపు ఒక లేఅవుట్ డ్రాయింగ్ చూశాను. ఒక మూల 'ఖాళీ' అని ఉంటే అలాగే సంతకం పెట్టాను. తర్వాత వెళ్లి చూస్తే అది తోపు. చింతలు, నేరేళ్లు, రెండు కానుగలు. నేరేడు కింద పశువులు తాగే రాతితొట్టి, దాని అంచు మెడలు రాసుకుని రాసుకుని అద్దంలా నునుపు తేలింది. మేకలు కాసే ముసలాయన, "ఎండాకాలం నాలుగూళ్ల గొడ్లు ఇక్కడే ఆగుతాయమ్మా" అన్నాడు. ఆ ఒక్క వాక్యం డ్రాయింగ్‌లో ఉండి ఉంటే నా సంతకం పడేది కాదు. ఇప్పుడక్కడ క్లబ్‌హౌస్ ఉంది.

కాబట్టి మీరు నడవండి. గ్రామ నక్షా, ఎత్తుపల్లాలు చూపే సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు దగ్గర పెట్టుకుని, ఊరి పెద్దవాళ్లను ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, మెట్ట నుంచి పల్లానికి దిగండి. ఫోన్‌లో దిశాంక్ యాప్ ఉంటే నిలబడ్డ చోటి సర్వే నంబరు తెలుస్తుంది. మీ చెరువు నిండి పొర్లితే ఆ నీళ్లు ఏ చెరువులోకి పోతాయి, చివరికి అర్కావతికా, దక్షిణ పినాకినికా? రెండు నదులూ నంది కొండల వైపే పుట్టాయి గనుక మీ తాలూకాలో ఇది అడగాల్సిన ప్రశ్నే. తూము ఎక్కడ, చెరువు నుంచి చెరువుకు నీళ్లు పోయే రాజకాలువ ఎక్కడ సన్నబడింది, ద్రాక్ష పందిళ్ల రాతికూసాలు ఏ పొలాల్లో ఉన్నాయి, కట్ట మీద ఎక్కడ నిలబడితే నంది కొండ కనిపిస్తుంది, అన్నీ నక్షా మీద గుర్తు పెట్టండి. పెరళ్లలో చకోత చెట్లుంటే, అదే మన పంపరపనస, లెక్కపెట్టి రాయండి. దేవనహళ్లి చకోతకు జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక పంటగా, గుర్తింపు ఉంది.

తోపు విషయం వేరు. పహణీలో, అంటే భూమి రికార్డులో, అది గుండుతోపు అని ఉంటే ఆ నకలు జతచేయండి. 2011 జనవరిలో, పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు కేసులో, ఊరుమ్మడి భూముల్లోని ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఆ మాట మీకు పనికొస్తుంది.

ఇక ఏది ఉంచాలి, ఏది మారవచ్చు అన్న సంగతి. అన్నిటికీ వద్దంటే ఎవరూ వినరు, వినాలని నేనూ అనను. మీ పిల్లలకూ ఇళ్లు కావాలి కదా. నీలగిరి చెట్లు వేసిన మెట్ట మీద ఇళ్లు రావచ్చు అని మీరే రాయండి. చెరువు కింది ఆయకట్టు, కాలువ, తోపు మాత్రం ఆకుపచ్చలోనే ఉండాలి. కట్టకూ కొండకూ మధ్య ఎత్తు భవనాలు వద్దు. ఒక్కోదానికి కారణం, సర్వే నంబరు, ఫొటో.

కన్నడంలో రాయించి, గడువు లోపల ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.