కరెంటు కబుర్లు: మే నెలలో ఆగిపోయిన ఛార్జర్

ప్రశ్న: అక్కా, మాది పుత్తూరు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి మూడేళ్లుగా సోలార్ ప్యానెళ్లు బిగించే పనిలో ఉన్నాను. ఇప్పుడు కార్ల ఛార్జింగ్ స్టేషన్లు పెట్టే కంపెనీలో సైట్ ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. ‘ప్లగ్గు పెట్టేదానికి ఇంజనీరు ఎందుకురా, గవర్నమెంటు పరీక్షలు రాసుకో’ అంటున్నాడు మా నాయన. మీరు ఈ పనిలోనే సీనియర్ ఇంజనీరు కదా. నిజంగా ఇందులో నేర్చుకునేది ఉందా?

జవాబు: తమ్ముడూ, ఈ మాట మా ఇంట్లోనూ విన్నాను. బయటికి కనిపించేది ప్లగ్గు ఒక్కటే కాబట్టి మీ నాయనను తప్పు పట్టలేం. నాకు మర్చిపోలేని ఒక సైటు గురించి చెబుతాను, ఆయనకూ వినిపించు.

చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే దారిలో ఒక హోటల్ ఆవరణలో 60 కిలోవాట్ల ఛార్జర్ పెట్టాం. డిసెంబరులో మొదలైంది. ఏప్రిల్ దాకా ఒక్క ఫిర్యాదు లేదు. మే నెల వచ్చాక మధ్యాహ్నం అయితే చాలు, కారుకు గన్ తగిలించిన రెండు నిమిషాలకే ఆగిపోయేది. పొద్దున, రాత్రి బాగానే ఉండేది. ఛార్జర్ తయారుచేసినవాళ్లు వచ్చి లోపలి కార్డు మార్చి వెళ్లారు. మళ్లీ అదే కథ. ఒకరోజు వేలూరు కుటుంబం ఒకటి ముసలమ్మతో సహా మూడు గంటలు ఆ ఎండలో ఉండిపోయింది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయని మాత్రం అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మీటరు పట్టుకుని పొద్దుటి నుంచి అక్కడే కూర్చున్నాను. న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగ), ఎర్త్‌కు మధ్య పొద్దున మూడు వోల్టులు. మధ్యాహ్నం రెండు గంటలకు పద్నాలుగు. హోటల్‌లో ఏసీలన్నీ ఒకే ఫేజు మీద వేసి ఉన్నాయి. ఎండ ముదరగానే అన్నీ ఒకేసారి నడుస్తాయి, న్యూట్రల్‌లో కరెంటు పెరుగుతుంది. దాన్ని పట్టి ఉంచాల్సిన ఎర్త్ పిట్, అంటే ఎర్త్ తీగను నేలలో కలిపే గుంత, చూస్తే ఎండి బీటలు వారింది. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. మేము ఎర్త్ కొలిచింది నేల తడిగా ఉన్న డిసెంబరులో, రెండు ఓమ్‌లలోపే వచ్చింది (ఇది ఎంత తక్కువైతే అంత మంచిది). మే నెలలో కొలిస్తే తొమ్మిది. ఛార్జర్ చెడిపోలేదు, మనుషులకు షాక్ తగలకుండా అది తన పని తాను చేసి ఆగిపోతోంది. డిసెంబరు రిపోర్టు మీద సంతకం నాదే. రాతి నేల అని తెలిసీ వేసవిలో ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు. ఏసీలను మూడు ఫేజులకూ పంచాం, రాయి తొలిచి లోతుగా ఇంకో రెండు పిట్‌లు వేసి, తడి నిలిపే బెంటొనైట్ మట్టి నింపాం. ఇప్పుడు నా సైట్లన్నిటికీ ఎర్త్ కొలతలు రెండుసార్లు: వానల తరువాత ఒకసారి, మే నెలలో ఒకసారి.

ఇదీ ఆ ‘ప్లగ్గు పెట్టే’ పని. 60 కిలోవాట్ల ఛార్జర్ దాదాపు 90 ఆంపియర్లు లాగుతుంది, అదీ గంటసేపు ఆగకుండా. కేబుల్ చివర తొడిగే లోహపు ముక్క, లగ్గు, సరిగ్గా నొక్కకపోతే ఆ ఒక్క చోట వేడెక్కి నల్లబడుతుంది. అందుకే బోల్టు ఎంత బిగించాలో అంతే టార్క్ రెంచితో బిగించి, లోడు మీద వేడిని చూపించే థర్మల్ కెమెరాతో చూడాలి. ఇక డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) లోడు మంజూరు, ట్రాన్స్‌ఫార్మర్, ట్రెంచి, పునాది, సిమ్ సిగ్నల్ అన్నీ నీ నెత్తినే. సోలార్‌లో డీసీ కరెంటు చూశావు కాబట్టి దాని భయం నీకు తెలుసు, అది మంచి పునాది. ఛార్జర్ ఆపేశాక కూడా లోపల కెపాసిటర్లలో వోల్టేజీ కొంతసేపు ఉంటుంది. మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగి, మీటరు పెట్టి చూడకుండా ఎవరు తొందర పెట్టినా చెయ్యి పెట్టవద్దు. నేనైనా సరే.

ఉద్యోగంలో చేరు. ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సూపర్‌వైజర్ పర్మిట్ కూడా తీసుకో, పరీక్షలు రాయాలంటే అది అడ్డం రాదు. మొదటి సైటు పూర్తయిన రోజు మీ నాయనను తీసుకెళ్లి ప్లగ్గు కాదు, ఎర్త్ పిట్ మూత తీసి చూపించు.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో మాకు చిన్న లాడ్జి ఉంది. కార్లలో వచ్చేవాళ్లు ఛార్జింగ్ అడుగుతున్నారు. లైసెన్సు కావాలా? పెద్ద ఛార్జరే పెట్టాలా?

జవాబు: లైసెన్సు అక్కర్లేదండీ. బండికి ఛార్జింగ్ ఇవ్వడం కరెంటు అమ్మడం కిందికి రాదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే స్పష్టం చేసింది. కనెక్షన్ మాత్రం మన కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ దగ్గర దానికని తీసుకోండి, లాడ్జి మీటరు నుంచి వైరు లాగవద్దు. పెద్దది మీకు వద్దు. రాహు కేతు పూజకు వచ్చినవాళ్లు రాత్రి మీ దగ్గరే పడుకుంటారు. నెమ్మదిగా ఎక్కించే 7.4 కిలోవాట్ల ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) ఛార్జర్ పది గంటల్లో 70 యూనిట్ల దాకా ఇస్తుంది, ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లకు అది ఎక్కువే. అలాంటివి రెండు చాలు. టిఫిన్ తిని వెళ్లిపోయే హైవే హోటల్‌కైతేనే 60 కిలోవాట్లు.

ప్రశ్న: మేము ఏటా బెంగళూరు నుంచి ఎలక్ట్రిక్ కారులో తిరుమల వస్తాం. వచ్చేటప్పుడు బ్యాటరీ బాగా మిగులుతుంది, తిరిగి వెళ్లేటప్పుడు అదే దారిలో పలమనేరుకే టెన్షన్ మొదలవుతుంది. బండిలో లోపమా?

జవాబు: బండి బాగానే ఉంది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 160 దగ్గర. అంటే మీరు ఇంటికి వెళ్లేటప్పుడు, అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కేంత ఎత్తు ఇంకోసారి ఎక్కుతున్నారు. అందులో పెద్ద భాగం చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు లోపలే. మనుషులు, సామానుతో రెండు టన్నుల బండికి ఆ ఎత్తుకే నాలుగు యూనిట్లకు పైగా కావాలి. వచ్చేటప్పుడు దిగుతూ కొంత వెనక్కి వస్తుంది. రెండూ కలిపితే ఆరేడు యూనిట్ల తేడా, 40 కిలోమీటర్ల పైమాటే. పలమనేరు దాకా ఆగకుండా తిరుపతిలోనో చిత్తూరులోనో 80 శాతం చేసుకుని బయలుదేరండి. ఆ పైన ఛార్జింగ్ ఎలాగూ నెమ్మదిగా ఎక్కుతుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. తిరుమలలో ఛార్జింగ్ పెడితే 90 దగ్గర ఆపేయండి. బ్యాటరీ నిండుగా ఉంటే ఘాట్ దిగేటప్పుడు పుట్టే కరెంటుకు చోటు ఉండదు, మోటారు బండిని పట్టి ఉంచలేదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.