ఫ్రాన్స్‌లోని యొన్ నదిలో ఏటవాలు గోడల లాకు దాటడం గురించి

నమస్కారం. ఓసేర్ పట్టణం నుంచి దిగువకు మోంతెరో పట్టణం వైపు వెళ్తుండగా లాకులో (నీటి మట్టం మార్చి పడవను దించే, ఎక్కించే తలుపుల గదిలో) నీరు దిగుతున్నప్పుడు పడవ ఒక పక్కకు ఒరిగిందని, వంతెన దగ్గర ఏ కమాను కింద వెళ్లాలో తెలియలేదని రాశారు.

మొదటిది పడవ లోపం కాదు. ఆ దారిలో కొన్ని లాకుల గోడలు నిటారుగా కాక ఏటవాలుగా ఉంటాయి. నీరు తగ్గేకొద్దీ గోడ పడవ అడుగుకు దగ్గరవుతుంది కనుక, తాడు బిగించి కట్టేస్తే పడవ ఆ వాలు మీదే కూర్చుంటుంది. ఒక పక్క నిటారు గోడ గాని, తేలే తెప్ప గాని ఉంటే అటే చేరండి. లేనప్పుడు తాడును గట్టు మీది ఇనుప గుంజకు ఒక చుట్టు మాత్రమే తిప్పి, కొసను చేతిలోనే ఉంచుకొని, మట్టం దిగేకొద్దీ వదులుతూ ఉండాలి. మరొకరు పొడవాటి గడతో పడవను లాకు మధ్యకు నెడుతూ ఉండాలి. ఇది ఇద్దరి పని, ఒక్కరే చేయబోవడం నాకు నచ్చదు. ఎగువకు వెళ్లేటప్పుడు ఈ బెడద బాగా తక్కువ.

వంతెనల విషయం తేలిక. కమాను మీద ఒక పసుపు వజ్రాకారపు పలక ఉంటే అటు వెళ్లవచ్చు, కాని ఎదురు పడవలూ రావచ్చు. రెండు పలకలుంటే ఎదురు రాకపోకలు ఉండవు. ఎరుపు, తెలుపు, ఎరుపు అడ్డపట్టీల పలక ఉంటే ప్రవేశం నిషిద్ధం.