నోషన్‌కు బదులు సొంత సర్వర్ పెడతాడంట, పెట్టనీయండి

ప్రశ్న: మా వాడు కడపలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. నోట్స్ రాసుకునే నోషన్ లాంటిది సొంత సర్వర్‌లో పెడతానని రాత్రిళ్లు దాని మీదే కూర్చుంటున్నాడు. యాప్‌ఫ్లోవీ, అవుట్‌లైన్, డాక్‌మోస్ట్ అని ఏవేవో అంటాడు. వాటిలో ఏది మంచిది? ఇదంతా మాన్పించి హైదరాబాద్‌లో డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లలో పెట్టి నడిపే పని) కోర్సుకు పంపమని బంధువులు అంటున్నారు. అప్పు చేసైనా చేర్పించమంటారా?
- ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: అన్నా, యాప్ పేరు అడిగారు గానీ మీ టెన్షన్ యాప్ గురించి కాదు. పిల్లోడు దారి తప్పుతున్నాడేమోనని మీ భయం. వాడు దారి తప్పడం లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి. సొంతంగా ఏదో ఒకటి నడిపి చూడాలని తపించే పిల్లల గురించి నాకు బెంగ లేదు.

బెంగంతా ఆ కోర్సు గురించే. ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో అన్నీ ముందే సర్ది ఉంటాయి, చెప్పిన కమాండ్ కొడితే చెప్పినట్టే వస్తుంది. సర్వర్లలో వాడే లైనక్స్‌లో ఫైల్ పర్మిషన్లు (ఏ ఫైల్‌ను ఎవరు తెరవొచ్చన్నది) తెలియని పిల్లలకు, పెద్ద కంపెనీలు ఎన్నో సర్వర్లను కలిపి నడిపే కుబర్నెటిస్ చెప్పేస్తారు. అనుభవం లేని కుర్రాడి చేతికి నడుస్తున్న సర్వర్లను ఏ కంపెనీ అయినా అంత తేలిగ్గా ఇస్తుందా? బంధువుల మాట మీద వడ్డీకి డబ్బు తెస్తానంటున్నారే, వాడు రాత్రిళ్లు ఏం చేస్తున్నాడో ఒక్కరోజైనా పక్కన కూర్చుని చూశారా? కోప్పడుతున్నానని అనుకోవద్దు. ముందు ఆ పని చేయండి.

ఇక యాప్‌లు. చూడ్డానికి నోషన్‌కు దగ్గరగా ఉండేది యాప్‌ఫ్లోవీ. కానీ దాని సర్వర్ పెట్టాలంటే డేటాబేస్, ఫైల్ స్టోరేజ్, లాగిన్ సర్వీసు అన్నీ కలిపి నడపాలి. అవుట్‌లైన్ చక్కగా ఉంటుంది, అయితే లాగిన్ కోసం సాధారణంగా గూగుల్ లాంటి వేరే సర్వీసును కలపాల్సి వస్తుంది. కొత్తవాళ్లు అక్కడే ఆగిపోతారు. డాక్‌మోస్ట్‌కు పోస్ట్‌గ్రెస్, రెడిస్ అనే రెండు డేటాబేస్‌లు ఉంటే చాలు, లాగిన్ దానిలోనే ఉంటుంది. మొదలుపెట్టడానికి నా ఓటు దానికే.

ఏది పెట్టాడన్నది అంత ముఖ్యం కాదన్నా. నలుగురు స్నేహితుల నోట్స్ అందులో పెట్టించమనండి. అప్పుడే బాధ్యత తెలుస్తుంది. ఇలాంటి యాప్‌లను డాకర్‌తో కంటైనర్ అనే విడి డబ్బాలో నడుపుతారు. ఆ కంటైనర్ తీసేసి మళ్లీ పెడితే నోట్స్ మాయమయ్యాయంటే డాకర్ వాల్యూమ్ (డేటాను కంటైనర్ బయట దాచే చోటు) సరిగా పెట్టలేదన్నమాట. రోజూ పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ డేటాను కాపీ తీసే కమాండ్)తో బ్యాకప్ తీసి, నెలకోసారి దాన్ని వేరే మెషీన్‌లో తిరిగి ఎక్కించి చూడాలి. బ్యాకప్ తీసేవాళ్లు చాలామందే, ఎక్కించి చూసేవాళ్లు తక్కువ. ఇంటర్వ్యూలో ఈ పని గురించి అడిగితే వాడు తడుముకోడు, చేసిందే చెబుతాడు.

కొత్త మెషీన్ కొనొద్దు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే అందులో ఉబుంటు (ఉచితంగా దొరికే లైనక్స్) వేయించండి, కరెంటు పోయినా బ్యాటరీ కాసేపు ఆదుకుంటుంది. బయటి నుంచి చూడ్డానికి రౌటర్‌లో పోర్టులు (బయటివాళ్లు లోపలికి వచ్చే దారులు) తెరవకుండా, మన మెషీన్లను మాత్రమే కలిపే టెయిల్‌స్కేల్ వాడమనండి. కాలేజీలో బ్యాక్‌లాగ్ (ఫెయిలైన సబ్జెక్టు) ఏదైనా ఉంటే మాత్రం ముందు దాని సంగతి చూడాలి. సర్వర్ పని సెలవుల్లో చేసుకోవచ్చు.